మద్యవ్యసన విమోచనలో వైద్యము, ప్రార్థన: 'ఆల్కహాలిక్స్ అనానిమస్' గ్రంథముపై విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

త్రాగుడునుండి విడుదల పొందినవారి సాక్ష్యము మన సువార్త కూడికలకు సుపరిచితమైనది. ఒక రాత్రి ప్రార్థన, ఆ రాత్రియే విడుదల, మరునాటినుండి క్రొత్త జీవితము. ఇదియే దాని మూస. ఇట్టి విడుదలకు దృష్టాంతముగా అమెరికాకు చెందిన బిల్ విల్సన్ కథ చెప్పబడుట కలదు. 1939లో వెలువడిన 'ఆల్కహాలిక్స్ అనానిమస్' గ్రంథపు మొదటి అధ్యాయము ఆ కథయే. అయితే గ్రంథమును పూర్తిగా చదివినయెడల అది మన మూసను సమర్థింపదు. దేవుని కృపను, వైద్యుని మంచమును అది వేరు చేయలేదు. వేరు చేసినది మన పఠనమే. ఆ పఠనము వలన ప్రాణహాని గలదని చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

గ్రంథము, దాని నేపథ్యము

విల్సన్ న్యూయార్కు స్టాక్ మార్కెట్టులో పనిచేసినవాడు. 1934 నవంబరులో పాత మిత్రుడొకడు అతనిని చూడవచ్చెను. ఆ మిత్రుడు ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అను క్రైస్తవ ఉద్యమము ద్వారా త్రాగుడు మానినవాడు. డిసెంబరులో విల్సన్ టౌన్స్ ఆసుపత్రిలో చేరి, చికిత్స పొందుచున్న దినములలోనే వెలుగుతో నిండిన దైవానుభవమును పొందెను. తనకు మతి చలించెనేమోయని అతడు భయపడగా, డాక్టర్ విలియం సిల్క్‌వర్త్ ఆ అనుభవమును కొట్టివేయక దానిని విడువవద్దని ధైర్యపరచెను. మన ప్రసంగములలో ఆ వెలుగు నిలిచినది, ఆసుపత్రి మంచము మాయమైనది.

1935 మే నెలలో ఒహాయో రాష్ట్రములోని అక్రన్ పట్టణములో విల్సన్‌కు మరల త్రాగవలెనను కోరిక బలముగా కలిగెను. అతడు ఒక సంఘకాపరికి టెలిఫోను చేసి, మరియొక త్రాగుబోతుతో మాటలాడుటకు సహాయము కోరెను. ఆ ప్రయత్నము చివరకు అతనిని శస్త్రవైద్యుడైన డాక్టర్ బాబ్ స్మిత్ యొద్దకు చేర్చెను. స్మిత్ చివరిసారి త్రాగిన 1935 జూన్ 10వ తేదీని ఈ సహవాసము తన జన్మదినముగా ఎంచుచున్నది. 1939నుండి స్మిత్, రోమన్ కథోలిక సన్యాసిని అయిన సిస్టర్ ఇగ్నేషియాతో కలిసి సెయింట్ థామస్ ఆసుపత్రిలో త్రాగుబోతులను చేర్చుకొని చికిత్స చేసెను. గ్రంథములో కూడ మొదటి అధ్యాయమునకు ముందే సిల్క్‌వర్త్ వైద్యాభిప్రాయము ఉంచబడినది. శరీరము వణకుచు, మనస్సు మసకబారియున్నవానికి మొదట ఆసుపత్రి, తరువాత ఆత్మీయ సంభాషణ అనునది అందలి క్రమము.

గ్రంథములోని లోపములు

మొదటిది వైద్యసంబంధమైనది. మద్యవ్యసనము ఒక విధమైన అలెర్జీ అని సిల్క్‌వర్త్ తలంచెను. నేటి వైద్యము దీర్ఘకాల మద్యపానము వలన మెదడు పనితీరులో కలుగు మార్పులను గూర్చి మాటలాడుచున్నది. త్రాగవలెనను కోరికను తగ్గించు నాల్‌ట్రెక్సోన్, మానినవారు నిలుకడగా ఉండుటకు తోడ్పడు అకాంప్రొసేట్ వంటి మందులను 1939 నాటి గ్రంథము ఎరుగదు. కావున దానిని కడపటి మాటగా పట్టుకొని మందులను అవిశ్వాసముగా ఎంచుట తగదు.

రెండవది భార్యలనుగూర్చిన అధ్యాయము. అది భార్యల నోట పలికినట్లున్నను వ్రాసినది విల్సనే. వ్రాయగోరిన అతని భార్య లోయిస్‌కు ఆ అవకాశము ఇయ్యబడలేదు. ఓర్పు, సహనము అను భారమంతయు అందులో స్త్రీపైననే పడుచున్నది. లోయిస్ 1951లో కుటుంబసభ్యులకొరకు అల్-అనాన్ సహవాసమును స్థాపించుట ఆ లోపమునకు జవాబని మా అభిప్రాయము. దెబ్బలు తినుచున్న భార్యకు సహనమును మాత్రమే బోధించు కాపరి దీనిని ఆలోచింపవలెను.

మూడవది వేదాంతసంబంధమైనది. దేవుని ఎవరికి తోచినట్లు వారు గ్రహింపవచ్చునను ఆ గ్రంథపు ధోరణిని మన సిద్ధాంతముతో సరిపెట్టలేము. అయితే పాపపు ఒప్పుకోలు, నష్టపరిహారము, సమర్పణ అను మెట్లు ఆక్స్‌ఫర్డ్ గ్రూపు ద్వారా వచ్చినవే. సంఘము తాను మరచిన క్రమశిక్షణను ఇక్కడ గుర్తుపట్టవచ్చును. ఈ విధానము ఫలించుచున్నదనుటకు ఆధారము కూడ కలదు: 27 అధ్యయనములను పరిశీలించిన 2020 నాటి కోక్రేన్ సమీక్ష, సంపూర్ణముగా మానివేయుట విషయములో ఇది ఇతర మానసిక చికిత్సలకంటె మెరుగుగా ఉండగలదని తేల్చినది.

మన పరిచర్యలో అపాయము

అనేక సంవత్సరములు ప్రతిదినము అధికముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల, సాధారణముగా మొదటి దినమునకు లోపలనే వణకు, చెమట, నిద్రలేమి ఆరంభమగును. మొదటి రెండు దినములలో ఫిట్స్ రావచ్చును. రెండవ దినమునుండి నాలుగవ దినమువరకు కొందరికి డెలీరియం ట్రెమెన్స్ అను స్థితి కలుగును: జ్వరము, గుండెదడ, కలవరము, లేనివి కనబడుట, వినబడుట. చికిత్స లేనియెడల ఇది ప్రాణాంతకము.

ఇప్పుడు మన ఆచారమును ఈ కాలపట్టికతో పోల్చి చూడుడి. తీర్మానము చేసినవానిని మూడు దినముల ఉపవాస ప్రార్థనలో కూర్చుండబెట్టుదుము. అపాయకరమైన ఘడియలు సరిగా ఆ మూడు దినములలోనే వచ్చును. త్రాగుడు వలన వాని శరీరములో బి1 విటమిన్ అనగా థయమిన్ ముందే కొరవడియుండును. ఉపవాసము ఆ కొరతను పెంచి మెదడుకు శాశ్వత హాని కలిగింపగలదు. మూడవ రాత్రి అతడు గోడపై పురుగులను చూచి కేకలు వేసినయెడల దయ్యమని గద్దించుదుము. ఆ ఘడియలో అతనికి అవసరమైనవి డయజిపాము వంటి మందు, థయమిన్ సూది, వైద్యుని పర్యవేక్షణ.

2020 లాక్‌డౌన్‌లో మద్యము, కల్లు దొరకనప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఇట్టివారితో క్రిక్కిరిసెను. వారెవరును తీర్మానము చేసి మానినవారు కారు. అయినను శరీరము అదే విధముగా తిరుగబడెను. కావున ఆ వణకును విశ్వాసలోపముగా ఎంచరాదు. దేశములో మద్యమునకు బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదైనను చికిత్స అందుచున్నదని 2019లో ప్రచురితమైన జాతీయ సర్వే చెప్పుచున్నది.

కాపరులకు సూచనలు

తీర్మానము చేసినవానిని కాపరి మొదట అడుగవలసినవి: ఎంత త్రాగుచున్నావు, చివరిసారి ఎప్పుడు త్రాగితివి, మునుపు మానినప్పుడు ఫిట్స్ వచ్చెనా? జవాబు భయము గొలిపినయెడల అదే దినమున ఆసుపత్రికి తోడుగా వెళ్లవలెను. వ్యసన విమోచనకొరకు 14446 అను ప్రభుత్వ సహాయ సంఖ్య కలదు.

డైసల్ఫిరామ్ మాత్ర వాడువాడు మద్యము కొంచెము పుచ్చుకొన్నను వాంతులు, గుండెదడ కలుగును, రక్తపోటు పడిపోవచ్చును. అట్టివానికి ప్రభురాత్రి భోజనములో పులియని ద్రాక్షరసమే ఇయ్యవలెను. ఆ మాత్రను ఎరుగకుండ కూరలో కలిపి పెట్టుట అపాయమని ఇంటివారికి చెప్పవలెను.

1957నుండి ఈ సహవాసము మన దేశములో కలదు. దాని కూటములకు వారపు దినములలో మందిరపు గది తెరచుట కష్టము కాదు. మరల పడిపోయినవానిని వెలివేయక, తిరిగి చికిత్సకు నడిపింపవలెను.

ముగింపు

హిజ్కియా ప్రార్థన ఆలకింపబడి, పదునైదు సంవత్సరముల ఆయుష్షు వాగ్దానము చేయబడినది. అయినను ప్రవక్త అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టుమనెను (యెష 38:5, 21). మంచి సమరయుడు గాయములు కట్టి, పూటకూళ్ల యింటికి తీసికొనిపోయి, ఖర్చు భరించి, మరల వచ్చెదనని చెప్పెను (లూకా 10:34-35). మన సాక్ష్యములలో ఆ పూటకూళ్ల యింటికి చోటు ఇయ్యవలెను. ఆసుపత్రిలో పది దినములుండి వచ్చిన విశ్వాసి, ఆ సంగతి దాచకుండ సంఘములో నిలువబడి దేవుని స్తుతించు దినము రావలెనని మేము కోరుచున్నాము.