కలకత్తా ఉత్తరంలో కొండవాళ్లు

1836లో రెండు ఉత్తరాలు నడిచాయి. మొదటిది జాన్ గ్లాడ్‌స్టోన్ రాసింది. స్కాట్లాండ్‌లో పుట్టి లివర్‌పూల్‌లో వర్తకుడైన ఈయనకు దక్షిణ అమెరికా తీరాన డెమెరారాలో, అంటే నేటి గయానాలో, చెరకు తోటలుండేవి. బానిసత్వం రద్దయినప్పుడు ఆయనకు లక్ష పౌండ్లకు పైగా నష్టపరిహారం ముట్టింది. బానిసలకు పైసా రాలేదు. వాళ్ల చోట పనిచేసే మనుషుల కోసం ఆయన కలకత్తాలోని గిలాండర్స్ ఆర్బత్‌నాట్ కంపెనీకి రాశాడు.

కంపెనీ ఇచ్చిన జవాబు మనం శ్రద్ధగా చదవాలి. ఛోటానాగపూర్ కొండల ధాంగర్లు మనుషులకంటే కోతులకు దగ్గరట. మతం లేదట, చదువు లేదట, తిండీ నిద్రా తప్ప కోరికల్లేవట. ఎక్కడికి పోతున్నారో, ఎంత దూరమో వాళ్లకు తెలియదు కాబట్టి పంపడం కష్టం కాదట.

జాతి అహంకారమని పక్కన పెట్టేముందు ఈ మాటల వరుస చూడండి. కోరికల్లేనివాడు ఎక్కువ కూలి అడగడు. దేవుడు లేనివాడు పండగకు సెలవడగడు. దారి తెలియనివాడు పారిపోలేడు. కొనేవాడికి కావలసిన గుణాలనే అమ్మేవాడు ఏరి రాశాడు.

రాయకుండా వదిలేసింది ఇంకా ఎక్కువ. ధాంగర్లని పిలిచినవాళ్లలో ఉరావ్‌లున్నారు. వాళ్ల కురుఖ్, మన తెలుగులాగే ద్రావిడ భాష. సాల చెట్ల తోపుల్లో వాళ్ల సర్నా పూజలు జరుగుతాయి. ఇవేవీ ఉత్తరంలో లేవు.

1838 మే 5న రెండు ఓడలు 396 మందిని గయానా ఒడ్డున దించాయి. వాళ్లలో ఈ కొండవాళ్లూ ఉన్నారు. గ్లాడ్‌స్టోన్ తోటలో కూలీలను కొట్టారని తర్వాత విచారణలో బయటపడింది. ఆయన కొడుకు విలియం నాలుగుసార్లు బ్రిటన్ ప్రధాని అయ్యాడు. 2023 ఆగస్టులో ఆ వంశంవాళ్లు గయానా విశ్వవిద్యాలయంలో బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆ మాటల్ని మాత్రం ఇంకా వాడుతూనే ఉన్నారు.

జలదంకి, ఉదయగిరి, ఆత్మకూరు వైపు యానాదుల గురించి వినే మాటేంటి? "వాళ్లకు రేపటి ఊసుండదు." ఆ మాట ఎవరి నోట వస్తుందో గమనించండి. ఏడాది జీతానికి గేదెలు కాయించుకునేవాళ్లూ, అడ్వాన్సిచ్చి ఇటుక బట్టీలకు తీసుకెళ్లేవాళ్లూ అంటారు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. అడ్వాన్సు తీరకుండా కదలనివ్వకపోతే అది ఆ చట్టం కిందకే వస్తుంది.

టీచర్లకు ఒక మనవి. థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన సంపుటాల్లో యానాదుల మీద ఒక అధ్యాయముంది. పిల్లలతో దాన్ని ఈ తీరునే చదివించండి. ఎవరు రాశారు, ఎవరికోసం రాశారు, ఏం వదిలేశారు అని అడగండి. వదిలేసినవాటిని వాళ్ల అవ్వాతాతల్ని అడిగి రాసుకు రమ్మనండి.