హక్కు లేని యజమాని: ‘గులాబో సితాబో’ చిత్రంలో అద్దె, మరమ్మతు, ఖాళీ చేయింపు

వ్యాససంగ్రహం:
షూజిత్ సర్కార్ దర్శకత్వంలో, జూహీ చతుర్వేది రచనతో 2020లో వచ్చిన హిందీ చలనచిత్రం ‘గులాబో సితాబో’ను ఒక చిన్న ఇంటి యజమాని కథగా చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. అద్దె పెంచే వీలు, ఖాళీ చేయించే వీలు లేని ఆస్తి సంబంధమే ఈ చిత్రంలోని కలహానికి మూలమని ఇందులో ప్రతిపాదిస్తున్నాను. ఇందుకు తోడుగా 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టాన్ని కూడా ఒక పాఠంగా పరిశీలించాను.

కీలకపదాలు: ఇంటి యజమాని, అద్దెదారు, అద్దె నియంత్రణ, ఖాళీ చేయింపు, చలనచిత్ర విమర్శ.

1. ఉపోద్ఘాతం

తెలుగు ప్రేక్షకులకు ఇంటి యజమాని ఎక్కువగా హాస్యపాత్రగానే పరిచయం. ఒకటో తారీఖున గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవాడు, నీళ్లు ఎక్కువ వాడారని సణిగేవాడు, గోడకు మేకు కొట్టనివ్వనివాడు. పి.ఎన్. రామచంద్రరావు దర్శకత్వం వహించిన ‘చిత్రం భళారే విచిత్రం’లో పెళ్లికాని కుర్రాళ్లకు ఇల్లు అద్దెకు దొరకదు. అందుకోసం వారిలో ఒకడు ఆడవేషం కడతాడు. హృషీకేశ్ ముఖర్జీ 1966లో తీసిన ‘బీవీ ఔర్ మకాన్’లోనూ ఇదే ఎత్తుగడ. ఇటువంటి కథ నడవాలంటే యజమాని అనుమానపు మనిషి అయితే చాలు. అతడు ఆ షరతు ఎందుకు పెట్టాడన్నది కథకు అక్కరలేదు. ప్రేక్షకుడు అద్దెదారు పక్షాన కూర్చుని నవ్వుతాడు. ఈ నవ్వుకు సామాజికమైన న్యాయం లేకపోలేదు. కులం అడిగి, తిండి అలవాట్లు అడిగి తలుపు మూసినవారి చేత అవమానపడిన మనుషులకు అది చిన్న ప్రతీకారం. ఆ అనుభవాన్ని ఈ వ్యాసం తక్కువ చేయదు.

అయితే రెండు గదులు తాము ఉంచుకుని పక్క వాటా అద్దెకిచ్చి, ఆ డబ్బుతో నెలనెలా మందులు కొనుక్కునే యజమానులు కూడా మన పట్టణాల్లో ఉన్నారు. అద్దె మూడు నెలలు ఆగితే వారి వంటింటి లెక్క తప్పుతుంది. ఈ మనిషిని లోపలినుంచి చూసిన రచన అరుదు. ‘గులాబో సితాబో’ ఆ పని సగం దూరం చేసిందని నా అభిప్రాయం. మిగిలిన సగం ఎందుకు చేయలేకపోయిందన్నది కూడా చర్చించదగినదే.

2. ముప్పై రూపాయల అద్దె

కథాస్థలం లక్నో. ఫాతిమా మహల్ అనే శిథిలమైన హవేలీ. అందులో 78 ఏళ్ల మీర్జా (అమితాబ్ బచ్చన్), అతడికంటే 17 ఏళ్లు పెద్దదైన భార్య బేగం (ఫర్రుఖ్ జాఫర్), వారితోపాటు కొన్ని అద్దె కాపురాలు. పిండిమర నడుపుకునే బాంకే (ఆయుష్మాన్ ఖురానా) తల్లితో, ముగ్గురు చెల్లెళ్లతో అక్కడే ఉంటాడు. అతడు చెల్లించవలసిన అద్దె నెలకు 30 రూపాయలు. మిగిలినవారు 70 ఇస్తారు. ఆ 30 కూడా చేతికి రాదు. అడిగిన ప్రతిసారీ బాంకే తన పేదరికాన్ని ఏకరువు పెడతాడు.

ఈ అంకె హాస్యం కోసం పెట్టినదని తోచవచ్చు. కాని దీని వెనుక ఒక చరిత్ర ఉంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నగరాల్లో ఇళ్ల కొరత ఏర్పడినప్పుడు తాత్కాలిక కట్టడిగా వచ్చిన అద్దె నియంత్రణ, స్వాతంత్ర్యానంతరం రాష్ట్రాల శాశ్వత చట్టాలుగా స్థిరపడింది. ఉత్తరప్రదేశ్‌లో ఆ చట్టం 1972 నాటిది. చిత్రం విడుదలైన మరుసటి ఏడాది, 2021లో, దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. అంటే తెరమీద మనం చూస్తున్నది ఒక చట్టయుగపు చివరి దశ. తాతల నాటి అద్దె మనుమల దాకా కదలకుండా నిలిచిన హవేలీలో, 30 రూపాయలంటే కాలం ఆగిపోయిన గడియారం వంటిది. గోధుమల ధర పెరిగింది, పిండి ఆడించే కూలి పెరిగింది. అద్దె ఒక్కటే పెరగలేదు.

బాంకే దుర్మార్గుడు కాడు. ముగ్గురు చెల్లెళ్ల చదువు, పెళ్లి అతడి నెత్తిన ఉన్నాయి. నగరంలో మరోచోట ఇల్లు తీసుకుంటే వచ్చే ఆదాయమంతా దానికే పోతుంది. అందువల్ల 30 రూపాయల ఇల్లు అతడికి ఆశ్రయం, దానికి మించి వారసత్వం కూడా. అతడు దాన్ని వదలడు. మీర్జా పెంచలేడు. ఇద్దరి మొండితనం ఒకే అంకెలోనుంచి పుట్టింది. ఉత్తరప్రదేశ్ జానపద బొమ్మలాటలో గులాబో, సితాబో ఎడతెగక తగవులాడుకునే ఇద్దరు ఆడవాళ్లు. ఆడించే చేతులు మాత్రం ఒకరివే. దర్శకుడు ఆ పేరు ఎంచుకోవడంలో ఔచిత్యం ఇక్కడ బోధపడుతుంది.

3. బల్బులు, మరుగుదొడ్డి గోడ

అద్దె రానప్పుడు యజమాని ఏం చేస్తాడు? మీర్జా అద్దెదారుల బల్బులు దొంగిలించి అమ్ముతాడు. చేతికందిన చిల్లర సామాను ఎత్తుకుపోతాడు. తన ఇంట్లో తానే దొంగ అవుతాడు. ఈ చిత్రంలో అన్నిటికంటే బలమైన కల్పన ఇదేనని నా అంచనా. అధికారం లేని యజమాన్యం చిల్లర దొంగతనంగా దిగజారే క్రమాన్ని సంభాషణ అవసరం లేకుండా ఈ దృశ్యాలు చూపుతాయి.

రెండవది మరుగుదొడ్డి గోడ. అందరికీ ఉమ్మడిగా ఉన్న మరుగుదొడ్డి గోడను బాంకే కోపంతో తన్నితే ఇటుకలు రాలతాయి. బాగుచేయించే ఖర్చు ఎవరిదన్నది యుద్ధమవుతుంది. వాటాల ఇళ్లలో పెరిగినవారికి ఈ తగవు కొత్తగా అనిపించదు. ఉమ్మడి కుళాయి, ఉమ్మడి మెట్లు, ఒకే కరెంటు మీటరు: మన ఇరుకు వీధుల్లో స్నేహాలు చెడినది ఎక్కువగా వీటి దగ్గరే. 30 రూపాయల అద్దె తీసుకునేవాడు గోడ కట్టించడు, కట్టించలేడు. 30 రూపాయల అద్దె ఇచ్చేవాడు కట్టించవలసిన అవసరం ఉందనుకోడు, ఎందుకంటే ఇల్లు తనది కాదు. ఫలితంగా ఇల్లు ఇద్దరి కళ్లముందే కూలుతుంది. ఆ కూలడాన్ని కెమెరా సున్నం రాలిన గోడల మీద, వంగిన కడ్డీల మీద నిదానంగా తిరుగుతూ చూపింది. కథాగమనం మందకొడిగా ఉందన్న ఆక్షేపణకు ఇది కొంతవరకు సమాధానం.

ఒక లోపం చెప్పక తప్పదు. మీర్జాకు వేసిన పెద్ద ముక్కు, ఒంగిన నడుము, దట్టమైన గడ్డం మనిషిని వ్యంగ్యచిత్రానికి దగ్గర చేశాయి. అతడి పిసినారితనం ముందు కనబడుతుంది, అతడి భయం తరువాత ఎప్పుడో కనబడుతుంది. ఇంటి యజమానిని నవ్వులపాలు చేసే పాత అలవాటును చిత్రం పూర్తిగా వదులుకోలేకపోయింది.

4. చట్టం గీసిన యజమాని

చట్టం కూడా ఒక పాఠమే. అందులోనూ పాత్రచిత్రణ ఉంటుంది. మద్రాసు ప్రాంతపు 1949 చట్టం, హైదరాబాదు ప్రాంతపు 1954 చట్టం స్థానంలో తెలుగువారందరికీ ఉమ్మడిగా వచ్చిన 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం ఇందుకు మంచి ఉదాహరణ. అద్దెదారులను అసమంజసంగా ఖాళీ చేయించకుండా నివారించడం తన లక్ష్యాల్లో ఒకటని ఆ చట్టం మొదట్లోనే ప్రకటించుకుంది. ఆ తరువాతి సెక్షన్లలో కనిపించే యజమాని నీళ్లు, కరెంటు ఆపగలవాడు, అద్దె తీసుకోవడానికి నిరాకరించి ఎగవేత నేరం మోపగలవాడు, హద్దుమీరిన అడ్వాన్సు గుంజగలవాడు. వాటికి విరుగుడుగా మనియార్డరు ద్వారా అద్దె పంపే మార్గం వంటివి ఏర్పాటయ్యాయి. ఇవన్నీ నిజంగా జరిగిన అన్యాయాలనుంచి పుట్టిన జాగ్రత్తలే. కాని వాటన్నిటినీ వరుసగా చదివితే, మన హాస్యచిత్రాల యజమానికి చట్టసభలో ఒక అన్న ఉన్నాడనిపిస్తుంది.

అదే చట్టం చిన్న యజమానిని ఒకచోట గుర్తించింది. ఇంట్లో ఒక భాగంలో తానే ఉంటూ, మరో భాగం అద్దెకిచ్చినవాడు తన అవసరం పెరిగినప్పుడు ఆ భాగాన్ని కూడా కోరవచ్చునని 10వ సెక్షన్ చెబుతుంది. అయితే అద్దెదారుకు కలిగే కష్టం యజమానికి కలిగే ప్రయోజనాన్ని మించకూడదని షరతు పెడుతుంది. కష్టాన్నీ ప్రయోజనాన్నీ రెంట్ కంట్రోలర్ తక్కెడలో తూచాలి. నవలాకారుడు చేయవలసిన పని అధికారికి అప్పగించిన అపురూపమైన సందర్భమిది. కొడుక్కి పెళ్లై గది కావలసిన తండ్రి ఒకవైపు, బడికి దగ్గరగా ఉన్న ఇల్లు వదలలేని కుటుంబం మరోవైపు. ఇందులో కథ ఉందని మన రచయితలకు ఎందుకు తోచలేదో!

‘యజమాని’ నిర్వచనం మరింత ఆసక్తికరం. సొంతదారు మాత్రమే కాక, తన కోసమైనా ఇతరుల తరఫునైనా అద్దె వసూలు చేసుకునే వ్యక్తి కూడా ఈ చట్టం దృష్టిలో యజమానే. ఫాతిమా మహల్ బేగం పేరిట ఉంది. మీర్జా ఇల్లరికపు అల్లుడు. అద్దె అడిగేది అతడు, తిట్లు తినేది అతడు, హక్కు మాత్రం లేదు. మన 1960 చట్టం ప్రకారం చూస్తే అతడు యజమాని అవుతాడు, కాని ఇంటి సొంతదారు కాడు. ఈ చీలికమీదే చిత్రం నిలబడి ఉంది.

నియంత్రణనుంచి మినహాయింపులు ఎవరికి దక్కాయన్నది కూడా చూడాలి. 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన భవనాలన్నిటికీ చట్టంలో ఇచ్చిన మినహాయింపును మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు 1983లో కొట్టివేసింది. ఆ డిసెంబరులోనే, కట్టి పదేళ్లు దాటని భవనాలకూ, నెలకు 1,000 రూపాయలు మించిన అద్దె ఉన్న భవనాలకూ ప్రభుత్వం మళ్లీ మినహాయింపు ఇచ్చింది. 2005 సవరణ ఈ హద్దును నగరపాలక సంస్థల్లో 3,500 రూపాయలకు, ఇతర ప్రాంతాల్లో 2,000 రూపాయలకు పెంచింది. హద్దు పైనున్న అద్దెలవారు కట్టుబాటునుంచి బయటపడ్డారు. పెద్ద భవనం, పెద్ద అద్దె ఉన్న యజమానికి బేరమాడే స్వేచ్ఛ దక్కింది. పాత పెంకుటింట్లో వాటా అద్దెకిచ్చినవాడు మాత్రం నియంత్రణలోనే మిగిలాడు. పేద అద్దెదారును కాపాడే భారాన్ని రాజ్యం తాను మోయకుండా అంతే పేదవాడైన యజమాని భుజాన పెట్టిందని దీన్ని అర్థం చేసుకోవాలి. పాత అద్దెలను మార్పులేకుండా స్తంభింపజేయడం కాలక్రమంలో అసమంజసమైందని మహారాష్ట్రకు సంబంధించిన మల్పె విశ్వనాథ్ ఆచార్య కేసులో 1997లో సుప్రీంకోర్టే అభిప్రాయపడింది. మీర్జా కోర్టు మెట్లెక్కి ఉంటే ఈ వాదనలన్నీ అతడి పక్షాన వినిపించేవి.

5. బేగం నిర్ణయం

కాని చిత్రం అతణ్ణి ఆ మెట్లెక్కించలేదు. లాయరు క్రిస్టఫర్ క్లార్క్ (బ్రిజేంద్ర కాలా) వచ్చి హవేలీని మీర్జా పేరుకు మార్చుకునే ఉపాయం చెబుతాడు. పురావస్తుశాఖ అధికారి జ్ఞానేశ్ శుక్లా (విజయ్ రాజ్) బాంకే చెవిలో ప్రభుత్వ ఫ్లాట్ల ఆశ ఊదుతాడు. బేగం నిద్రపోతుండగా వేలిముద్రలు సంపాదించడానికి మీర్జా పడే అవస్థ నవ్వు తెప్పిస్తుంది, కొంచెం రోత కూడా కలిగిస్తుంది. ఇక్కడినుంచి తగవు అద్దెది కాదు, స్థలానిది. బిల్డరు, ప్రభుత్వం దిగిన తరువాత చిన్న యజమాని, చిన్న అద్దెదారు ఇద్దరూ ఒకే కొలతకు కుదించుకుపోతారు. కథనపరంగా ఇది సరైన పరిణామం. మన నగరాల్లో పాత ఇళ్లు అపార్టుమెంట్లుగా మారిన దారి కూడా ఇదే.

ముగింపు విషయంలో మాత్రం నాకు అభ్యంతరముంది. బేగం తన పాత ప్రేమికుడు అబ్దుల్ రెహమాన్‌తో వెళ్లిపోతూ, హవేలీని అతడికి ఒక్క రూపాయికి అమ్మేస్తుంది. ఒకప్పుడు ఆ ఇంటికోసమే అతణ్ణి వదులుకున్న మనిషి ఆమె. ఆమె చేతిలో హక్కు ఉందన్న సంగతిని ఇంట్లో మగవాళ్లెవరూ లెక్కలోకి తీసుకోకపోవడం, చివరకు ఆ హక్కే అందర్నీ బయటికి నెట్టడం, ఆస్తి విషయంలో స్త్రీని గురించి చెప్పిన గొప్ప మాట. ఈ మేరకు ముగింపు బలమైనదే. కాని అది అద్దెదారుల ప్రశ్నను జానపద కథలోని మాయతో దాటవేసింది. ఇంతమంది ఏ నోటీసు లేకుండా, ఏ విచారణ లేకుండా ఇల్లు వదిలిపోవడం వాస్తవంలో అంత తేలిక కాదు. అన్ని దశాబ్దాలు అద్దెదారులను ఆ ఇంట్లో నిలిపిన చట్టం ఆ ఒక్క ఘట్టంలో ఎక్కడికి పోయింది? యజమానిని లోపలినుంచి చూసే ప్రయత్నం చేసిన చిత్రం, తూకం వేయవలసిన చోట తక్కెడనే తప్పించింది. బాంకే, మీర్జా కాక మిగిలిన కాపురాలకు చివర దక్కిన నిడివి కూడా చాలా స్వల్పం.

బేగం వెళ్తూ మీర్జాకు ఒక పాత కుర్చీ వదిలిపెడుతుంది. అతడు దాన్ని 250 రూపాయలకు అమ్ముకుంటాడు. ముంబయిలో ఒక దుకాణంలో దానిమీద 1,35,000 రూపాయల చీటీ వేలాడుతుంది. బల్బులు అమ్మిన చేతికి కుర్చీ విలువ తెలియలేదు. జీవితమంతా 30 రూపాయల కోసం గుమ్మాలు కొట్టిన మనిషికి అంతకుమించిన లెక్క నేర్పినవారు లేరు. బేగం 95వ పుట్టినరోజు వేడుక హవేలీలో జరుగుతుండగా మీర్జా, బాంకే ఇద్దరూ లోపలికి అడుగు పెట్టే వీలులేక గేటు బయటే నిలబడతారు. అప్పటికి వారిలో యజమాని ఎవరో, అద్దెదారు ఎవరో తెలియని దారిన పోయేవాడు చెప్పలేడు.