సంపుటాల మీదే కనిపించిన పేరు

కరీంనగర్‌లో ఇద్దరు మిత్రులు పాత చందమామ సీరియళ్ల సంపుటాలు ముందేసుకుని గంటసేపు వాదించుకున్నారు. ‘తోకచుక్క’ గొప్పదా, ‘శిథిలాలయం’ గొప్పదా? బొమ్మలు ‘చిత్రా’వని చిన్నప్పుడే ఎరుగుదురు. రాసింది దాసరి సుబ్రహ్మణ్యమని సంపుటాలు చూశాకే తెలిసిందట! 1954లో ‘తోకచుక్క’తో మొదలైన ఆ సీరియళ్లు పత్రికలో రచయిత పేరు లేకుండానే అచ్చయ్యాయి. శ్రమ ఒకరిది, కీర్తి పత్రికది. దాసరి 2010లో కన్నుమూశారు.

వీరుడు రాజ్యం గెలుస్తాడు సరే, ఆ రాజ్యంలో దున్నేవాడెక్కడ? 1978లో జగిత్యాల జైత్రయాత్ర నడిచిన నేల మీద ఈ ప్రశ్న తప్పదు. కానీ ఫ్యూడల్ కథలని ముద్రవేసి ఆ పనితనాన్ని తోసేయటం మన విమర్శ చేసిన తప్పు. పొల్లుమాట లేని ఆ వాక్యం మన కథకుల్లో ఎందరికి పట్టుబడింది? మొన్న బడిలో చదివి వినిపిస్తూ మాంత్రికుడు రాగానే ఆపాను. పిల్లలు ఇంటర్వెల్‌కు లేవలేదు.