మాటల వైద్యం, ఇంటి పెత్తనం

మానసిక చికిత్స ఆడవారికి బాగా పనిచేస్తుందా, మగవారికా అని వెతికిన పరిశోధనల్లో లింగం ఒక్కదానివల్ల పెద్ద తేడా తేలలేదు. నలుగురితో మెలగడంలో మనిషికున్న ఇబ్బంది ఏమిటన్నదే ఎక్కువ తేడా తెస్తోంది. దాన్ని కొలిచే ప్రశ్నావళిని లెనార్డ్ హోరోవిట్జ్ బృందం 1988లో ప్రచురించింది. పెత్తనం, ముభావం మగవారిలో, కాదనలేకపోవడం, అందరి బరువూ నెత్తినేసుకోవడం ఆడవారిలో ఎక్కువగా కనిపిస్తాయి. పెత్తనం చేసేవారికి చికిత్సకులతో పొత్తు కుదరడం కష్టం, గుణమూ తక్కువ. అణకువగా ఉండేవారికి గుణం ఎక్కువగా కనిపిస్తుంది. అయితే కెనడాలో 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో మనసు లోతులు విప్పి చూపే పద్ధతి మగవారికి, ధైర్యం చెప్పి ఆసరా ఇచ్చే పద్ధతి ఆడవారికి ఎక్కువ మేలు చేశాయి.

నందికొట్కూరు లాంటి ఊళ్లలో ఈ లెక్కకు ఇంకో ముడి పడుతుంది. భార్య గుండెదడ అంటూ వస్తుంది, భర్త నరాల బలహీనత అంటూ వస్తాడు. సంసారంలో గొడవలున్నాయని మొదటే చెప్పేవారు అరుదు. కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలంటే ఆమెకు తోడు కావాలి, బస్సు చార్జీ ఇంకొకరు ఇవ్వాలి. నిద్ర పడుతోందా అని డాక్టరు కోడలిని అడిగితే, జవాబు పక్కనున్న అత్త చెబుతుంది. కోడలు తల దించుకునే ఉంటుంది.

అణకువ మనిషికి చికిత్సకులు తరచూ ఇచ్చే అభ్యాసం ఒకటుంది: ఇష్టం లేనిదానికి కాదని చెప్పడం. మొగుడు తాగొచ్చి కొట్టే ఇంట్లో ఆ ఒక్క మాటకు దెబ్బలు పడొచ్చు. అభ్యాసం చేయలేదని ఆమెను తప్పుపట్టడం అన్యాయం. ముందు ఆమె క్షేమం అడగాలి, అదీ ఒంటరిగా ఉన్నప్పుడు. కొట్టే మనిషిని పక్కన కూర్చోబెట్టి ఇద్దరినీ కలిపి మాట్లాడించడం ప్రమాదం. దెబ్బల భయం లేని ఇంట్లో మాత్రం భర్త కూడా రావడం చాలా మేలు. రావాల్సిన మనిషి గడప దాటకపోతే, గుణం కనిపించకపోతే తప్పు ఆమె ఒక్కదానిదే ఎలా అవుతుంది?

రోగి చెప్పుకున్నది గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అందుకే తోడు వచ్చినవారు పది నిమిషాలు బయట కూర్చోండి, ఆమెను మాట్లాడనివ్వండి. ఆసుపత్రికి పోలేనివారు టెలి మానస్ సహాయవాణి 14416కు తెలుగులోనే, ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.