పులిముక్కు పనితనం

మిరప కోతల రోజులు. నర్సింహులపేట నుంచి తొర్రూరు పోతుంటే రోడ్డు పక్కన టింకరింగ్ షెడ్డు ముందు తెల్ల సెల్టోస్ ఒకటి ఆగి ఉంది. పత్తి ట్రాలీ రాసుకుపోయినట్టుంది, ఎడమ పక్క ఫెండరు సొట్టపోయింది. షెడ్డు అన్న సుత్తి ఇంకా ముట్టలేదు. బానెట్ అంచు మీద అరచెయ్యి పెట్టి, తల పక్కకు తిప్పుకొని, మెల్లగా డోరు దాకా జరుపుతున్నాడు. అంగట్లో ఎద్దు వీపు నిమిరి చూసే బేరగాడు గుర్తొచ్చాడు నాకు.

"కండ్లకు దొరకది సార్, చెయ్యికి దొరుకుతది" అన్నాడు నన్ను చూసి. "సొట్ట తీసుడు పెద్ద పని కాదు. ఇగో, ఈ గీత చూడుండ్రి. లైటు కాడ లేసి, రెండు డోర్లు దాటి ఎనకకు పోతది. ఇది జరంత తప్పినా బండి మొకం మారుతది."

ఆ మొకం మాట పట్టుకునే ఇది రాస్తున్నాను. మునిగిపోతున్న కార్ల కంపెనీ ఒకటి సరిగ్గా ఆ మొకం పట్టుకునే తేలింది. దాని బండ్లు ఇప్పుడు మన పెనుకొండలో తయారవుతున్నాయి.

ఆ సెల్టోస్ చేసిన కియా అంటే మనకు 2019లో దిగిన కొత్త కంపెనీ. అసలు వయసు పెద్దదే. 1944లో సియోల్‌లో సైకిల్ విడిభాగాల పనితో మొదలైంది. 1952లో సొంత సైకిల్ తెచ్చింది. ఆ తర్వాత మోటార్ సైకిళ్లు, మూడు చక్రాల బండ్లు, చిన్న లారీలు, 1974లో బ్రీసా అనే చిన్న కారు. మెట్టు మీద మెట్టు ఎక్కుతున్న ఆ కంపెనీని 1981లో అక్కడి సైనిక ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో కిందికి దింపేసింది. ఏ పరిశ్రమ ఎవరు చెయ్యాలో సర్కారే పంచింది. కియాకు కార్లు వద్దు, చిన్న లారీలే చేసుకొమ్మంది. కారు కంపెనీ, అమ్మడానికి కార్లు లేవు.

అప్పుడు చేతిలో మిగిలిన లారీ పేరు బోంగో. దాన్నే జనం కూర్చునే వ్యానుగా మలిచారు. అది ఎంత నడిచిందంటే, మనం ఏ వనస్పతినైనా డాల్డా అన్నట్టు, కొరియాలో ఏ వ్యానునైనా బోంగో అనడం మొదలుపెట్టారు. కంపెనీ బతికింది. నిషేధం పోయాక 1987లో ప్రైడ్ అనే చిన్న కారుతో మళ్లీ కార్లలోకి వచ్చింది.

రెండో దెబ్బ 1997లో పడింది. అప్పులు నెత్తికెక్కి జూలైలో కుప్పకూలింది. ఆ ఏడాది చివరికి కొరియా దేశమే ఐఎంఎఫ్ గుమ్మం ఎక్కింది. 1998లో కియాను వేలానికి పెడితే ఫోర్డ్ కూడా పోటీకి వచ్చింది, చివరికి హ్యుందాయ్ దక్కించుకుంది. ఆ సంక్షోభం నడుమనే 1998లో కార్నివాల్, మరుసటి ఏడాది కారెన్స్, కార్‌స్టార్ వచ్చాయి. ఇల్లంతా ఎక్కగల బండ్లు, చేతి ఖర్చు చూసుకునే రోజులకు సరిపోయిన బండ్లు. ఆ మూడూ కలిసి కంపెనీని నిలబెట్టాయి. కార్నివాల్, కారెన్స్ పేర్లు మన రోడ్ల మీద ఇప్పుడూ తిరుగుతున్నాయి. 2022లో కారెన్స్ పెనుకొండ నుంచి బయటికి వస్తే మనం కొత్త పేరు అనుకున్నాం. నిజానికి అది కష్టకాలంలో ఆదుకున్న పాత పేరు.

అయినా అది బతకడమే, వెలగడం కాదు. హ్యుందాయ్ చేతికి వచ్చాక లోపలి సామాను మెరుగుపడింది. ఇంజన్లు, గేరుబాక్సులు, కింది చట్రం అన్నీ రెండు కంపెనీలూ పంచుకున్నాయి. ఖర్చు తగ్గింది. అయితే అక్కడే ఒక మెలిక ఉంది. లోపల ఇద్దరిదీ ఒకటే అయితే, తమ్ముడి బండి కొనడానికి జనానికి చవక తప్ప కారణమేముంది? 2006లో కియా నష్టాల్లోకి జారింది. అప్పటి కియా బండ్లను వరసగా నిలబెట్టి బ్యాడ్జీలు ఊడదీస్తే, ఇవన్నీ ఒకే ఇంటి పిల్లలని చెప్పడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

కంపెనీ పగ్గాలు పట్టిన చుంగ్ యుయిసున్ ఆ ఏడాదే జర్మనీ నుంచి పీటర్ ష్రయర్‌ను పిలిపించాడు. ఆడి టీటీ గీసిన చెయ్యి ఆయనది. 1953లో బవేరియాలో పుట్టినవాడు, లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదివినవాడు. అంత పేరున్న ఇంట్లోంచి చవక బండ్ల కంపెనీకి ఎందుకు పోతున్నావని అడిగినవాళ్లు ఉండే ఉంటారు. నేనైతే అడిగేవాణ్ణి.

ఒక కొత్త కారు గీసి అది హిట్టవుతుందని కాచుకోవడం చాలామంది చేసే పని. ష్రయర్ ముందు ముక్కు గీశాడు. 2007లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో కీ అనే నమూనా కారు మీద అది మొదటిసారి కనబడింది. దానికే పులిముక్కు అని పేరు పడింది.

చూస్తే ఏమీ లేదు. ముందు జాలీ ఉండే చోట అడ్డంగా పొడుగాటి పట్టీ. పై అంచు నడిమధ్యకు వచ్చేసరికి కొంచెం కిందికి దిగుతుంది, కింది అంచు అదే చోట కొంచెం పైకి లేస్తుంది. మెత్తటి పిండి పట్టీని బొటనవేలూ చూపుడువేలూ పెట్టి నడుమ ఒక్క నొక్కు నొక్కినట్టు. అంతే. అయితే ఆ నొక్కు ఎంత ఉండాలన్నదే అసలు పని. ఎక్కువైతే నోరు ముడుచుకున్నట్టుంటుంది, తక్కువైతే మామూలు పట్టీ అయిపోయి ఎవరి కంటా పడదు.

ఈ నొక్కులోని తెలివి అది సాగే తీరులో ఉంది. డబ్బాలాంటి సోల్ ఎత్తుగా నిలబడే బండి, కె5 నేలకు ఆనుకుని సాగే సెడాన్, పికాంటో ఇరుకు సందుల్లో దూరే చిన్న కారు, స్పోర్టేజ్ ఒడ్డూపొడుగున్న ఎస్‌యూవీ. ఒకదానిలో పట్టీ సన్నబడుతుంది, ఒకదానిలో వెడల్పవుతుంది. లైట్ల మధ్య ఒకచోట సాగదీసినట్టుంటే ఇంకోచోట దగ్గరికి లాగినట్టుంటుంది. నొక్కు మాత్రం పోదు. తాత ముక్కు మనవరాలికి వచ్చినట్టు పోలిక తెలుస్తూనే ఉంటుంది. దానికి తోడు వంకర టింకరలు మాని గీత సూటిగా ఉండాలన్నది ఆయన పట్టుదల. కొరియాలో సెడాన్లకు పేర్లు కూడా సూటిగా అంకెల్లోకి మారాయి. 2009లో కె7, 2010లో కె5, 2012లో కె3, కె9. వాటిలో కె5కు 2011లో రెడ్ డాట్ డిజైన్ పురస్కారాల్లో అన్నిటికన్నా పై వరస దక్కింది. 2013 నాటికి ష్రయర్ కియాలో ప్రెసిడెంట్. ఆ కుర్చీలో కూర్చున్న తొలి విదేశీయుడు ఆయనే.

ఇక్కడ మన అంబాసిడర్‌ను తలుచుకోకుండా ఉండలేను. దానికీ గొప్ప మొకం ఉండేది. ఎర్ర బుగ్గ పెట్టుకుని అది ఊళ్లోకి వస్తే కలెక్టరో ఎమ్మెల్యేనో అని పిల్లలం పరుగెత్తేవాళ్లం. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి తెచ్చుకున్న ఆ రూపాన్ని 1958 నుంచి 2014 మే దాకా, పైపై మార్పులతో, అట్లాగే నడిపారు. మొకం నిలుపుకున్నారు గానీ దాన్ని చిన్న బండికీ పెద్ద బండికీ పంచలేదు. పిల్లలు లేని ఇల్లు అయిపోయింది. మన జహీరాబాద్‌లో 1980ల్లో చిన్న లారీలు చేసిన ఆల్విన్ నిస్సాన్ సంగతి వేరు. అది మహీంద్రా చేతికి పోయింది, షెడ్లు మిగిలాయి, పేరు మిగల్లేదు.

పెనుకొండకు వద్దాం. విజయనగర రాజులు తళ్లికోట యుద్ధం తర్వాత తలదాచుకున్న కొండ అది. వేరుశనగ, కరువు తప్ప మరో మాట వినబడని సీమ. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు, ఏడాదికి 3 లక్షల బండ్ల సామర్థ్యం. గొల్లపల్లి రిజర్వాయరు నీళ్లు. 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ బయటికి వచ్చింది. బుకింగులు తెరిచిన మొదటి రోజే 6 వేలు దాటాయి. మరుసటి ఏడాది సోనెట్. 2023 జూలైకి పది లక్షల బండ్లు. కొత్తగా వచ్చే కంపెనీ చిన్న కారుతో మెల్లగా అడుగుపెట్టడం రివాజు. వీళ్లు తమ మొకం బాగా కనబడే మధ్య సైజు ఎస్‌యూవీతోనే దిగారు.

ఇక షెడ్డు ముందు ఆగిన బండి. దాని ముందు గొంతుక్కూర్చుని చూశాను, అన్న నవ్వుకుంటే నవ్వుకోనీ అని. జాలీ చుట్టూ వెండి రంగు పట్టీ. దూరానికి నున్నగా కనబడింది గానీ, దగ్గరికి పోతే దాని మీద సన్నటి వజ్రాల గళ్లు, సుత్తి పిడికి జారకుండా వేసే గరుకులాగా. ఎండ పడితే ఒక్కో గడీ విడిగా మెరుస్తుంది. లైట్ల లోపలి వెలుగు పట్టీ అక్కడితో ఆగకుండా జాలీ పై అంచు మీదికి కూడా పాకింది. దాంతో ఆ నొక్కు రాత్రిపూట కూడా తెలుస్తుంది. కింద బంపర్లో ఫాగ్ లైట్లు మూడేసి మంచు ముక్కలు పేర్చినట్టు. ఇది కొంచెం ఎక్కువైందని నా అభిప్రాయం. ముక్కుకు ముక్కెర చాలు, మూడు అక్కర్లేదు.

నాకు ముచ్చటేసినవి జిలుగులు కావు, అన్న చెయ్యి పెట్టిన ఆ గీతే. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి పని చూసినవాళ్లకు దీని కష్టం తెలుస్తుంది. రేకును లక్క మీద అతికించి, ఉలితో ఒక్కొక్క దెబ్బే కొడుతూ, వెనక నుంచి లేపుతూ ముందు నుంచి అణుస్తూ ఆకారం తెస్తారు. అంచు మరీ వాడిగా తెద్దామంటే రేకు పలచబడి చిట్లుతుంది. మెత్తగా వదిలేస్తే బొమ్మకు ముక్కూ మొహం ఉండవు. కారు రేకుకూ ఇదే చిక్కు. మిల్లీమీటరు కూడా మందం లేని ఉక్కు రేకు మీద ఒక్క ప్రెస్సు దెబ్బతో గీత లేపాలి. పైగా ఉక్కుకు మొండితనం ఎక్కువ, అచ్చులోంచి తీయగానే ఇంత వెనక్కి తన్నుతుంది. ఎంత తన్నుతుందో ముందే లెక్కగట్టి, అచ్చును ఆ మేరకు ఎక్కువ వంచి చెక్కాలి.

ఇంకా ఉంది. పెంబర్తి పనివాడికి ఒకే రేకు, ఒకే చెయ్యి. ఇక్కడ ఫెండరుది ఒక అచ్చు, ముందు డోరుది ఇంకొకటి, వెనక డోరుది మరొకటి. వేరువేరుగా అచ్చొత్తి, అతికి, కబ్జాలకు వేలాడదీస్తారు. అన్నీ బండి మీదికి చేరాక, మూడు రేకుల మీది మూడు ముక్కలు ఒకే గీతగా పలకాలి. నేను వేలి కొన డోరు సందు మీద పెట్టి కిందిదాకా జార్చాను. సందు పైన ఎంతో కింద అంతే. ఒక రేకు కంటే ఇంకో రేకు ఉబికి గోరుకు తగల్లేదు. ఈ పని చేసినవాళ్లలో మొన్నటిదాకా వేరుశనగ చేలల్లో తిరిగిన ఇళ్ల పిల్లలూ ఉన్నారు.

అన్నీ పొగడ్తలే అయితే ఇది ప్రకటన అవుతుంది. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టి చూస్తే సెల్టోస్‌కు పెద్దవాళ్ల భద్రతలో 3 నక్షత్రాలు, పిల్లల భద్రతలో 2 మాత్రమే వచ్చాయి. దెబ్బకు బాడీ గట్టిగా నిలవలేదని తేల్చారు. పైరేకు మీద అంత శ్రద్ధ పెట్టినవాళ్లు లోపలి గూడు మీద కూడా అంతే పెట్టాల్సింది. తర్వాత ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకాల్లోనూ ఇచ్చారు. మొదటి రోజు నుంచే ఇవ్వాల్సినవి అవి.

ఇంకో మాట. హ్యుందాయ్ క్రెటా, తొలి తరం సెల్టోస్ రెండూ ఒకే చట్రం మీద నిలబడ్డవే. ఇంజన్లూ దాదాపు ఒకటే. మా వైపు మిరప మంచి ధర పలికిన ఏడు కారు కొనే రైతు ఆ రెండు షోరూములకూ పోయి వస్తాడు. ఇదా అదా అని ఇంట్లో పంచాయితీ జరుగుతుంది. లోపలి ఎముకలు ఒకటేనని తెలిసినవాళ్లు కూడా గట్టిగా వాదించుకుంటారు. ఇరవై ఏళ్ల కింద చవక తప్ప కారణం లేని చోట, ఇప్పుడు ఒక ఇంట్లో తండ్రీకొడుకులు మాటా మాటా అనుకునేంత తేడా కనబడుతోంది. ష్రయర్ పనికి ఇంతకంటే కొలత నాకు తోచలేదు.

తిరిగి వచ్చేసరికి పొద్దు గూకింది. షెడ్డులో అన్న ఇంకా ఆ ఫెండరు దగ్గరే ఉన్నాడు. సొట్ట లేచింది, ప్రైమరు కూడా కొట్టేశాడు. తడిగుడ్డతో తుడిచి, దూలానికి కట్టిన ట్యూబులైటు నీడ రేకు మీద పడేట్టు బండిని జరంత ముందుకు నెట్టించాడు. లైటు గీత ఫెండరు మీద సూటిగా పాకింది, డోరు దగ్గరికి వచ్చేసరికి నీళ్లలో కట్టెపుల్లలా చిన్నగా వంగింది.

"అయిపోయినట్టేనా అన్నా?" అన్నాను.

"మీకు అయిపోయినట్టే సార్" అని, గరుకు కాగితం అందుకున్నాడు.