ఇనుపచేతి మాయావి, మా అవ్వ అడిగిన ప్రశ్న

పోయిన ఎండకాలం సెలవుల్లో మా చెల్లెలి మనవరాలు కోయంబత్తూరునుంచి కళుగుమలై వచ్చింది. పదేండ్ల పిల్ల. తెలుగు చెబితే అర్థమవుతుంది, బదులు మాత్రం తమిళంలోనే. దానికి పొద్దుపోవడం లేదని అటకమీది పెట్టె దించినాను. అందులో నేను చిన్ననాటినుంచి దాచుకొన్న కామిక్సు పుస్తకాలు, వాటి పక్కన ఈమధ్య కొన్న మరుముద్రణలు ఉన్నాయి. పిల్లకోసం తీసిన వాటిని నేనే మళ్ళా మొదటినుంచి చదివినాను. అరవై దాటినవాడు బొమ్మల కతలు చదివి పత్రికకు అభిప్రాయం రాయడమేమిటని కొందరు నవ్వుతారు. నవ్వనీండి. కత వినడం, విన్న కతలో తప్పు పట్టడం రెండూ నాకు నేర్పింది ఈ పుస్తకాలే, వీటిని నాచేత చదివించుకొని విన్న మా అవ్వే.

ఈ పుస్తకాలు మనకు పరాయి ఊరివి కావు. మన పక్కనున్న శివకాశిలో అచ్చయినవి. 1922లో అయ్య నాడారు, షణ్ముగ నాడారు కలకత్తా పోయి అగ్గిపుల్లల పని నేర్చుకొని వచ్చిన కత ఈ సీమలో అందరికీ తెలిసిందే. అగ్గిపెట్టెల వెనక టపాకాయలు, వాటికి అంటించే రంగుకాగితాల వెనక అచ్చుపని, అట్లా ఆ ఊరు పెరిగింది. ఆ అచ్చుయంత్రాల నడుమనే 1972లో ముత్తు కామిక్సు మొదలైంది. మొదటి పుస్తకం ‘ఇరుంబుక్కై మాయావి’. 1984లో ఎస్. విజయన్ సంపాదకుడుగా లయన్ కామిక్సు వచ్చింది. నడుమ నడుమ ఆగుతూ నడిచినా, 2012లో మళ్ళా ఊపందుకొని పాత కతలను పెద్ద సైజులో, మంచి కాగితంమీద అచ్చువేసినారు. కోవిల్పట్టి బస్టాండులో తాటికి వేలాడిన పుస్తకాలకోసం చిల్లర కూడబెట్టిన మాబోటివాళ్ళే ఇప్పుడు వాటిని కొనేది.

ముందు మాయావి సంగతి. ఇతని సొంత పేరు లూయిస్ క్రాండెల్. ఇంగ్లండులో ‘వేలియంట్’ అనే పిల్లల వారపత్రికలో 1962 అక్టోబరులో మొదలైనాడు. మొదట రాసింది కెన్ బల్మర్, తరవాత టామ్ టల్లీ. బొమ్మలు వేసింది స్పెయిను దేశపు హెసూస్ బ్లాస్కో. ఒక ప్రొఫెసరు దగ్గర సహాయకుడుగా ఉన్న క్రాండెల్‌కు ప్రమాదంలో కుడిచెయ్యి పోయింది. ఇనుపచెయ్యి తగిలించినారు. మరొక ప్రమాదంలో పెద్ద కరెంటు ఒంట్లోకి పాకింది. ఒళ్ళంతా మాయమైంది, ఇనుపచెయ్యి ఒక్కటే గాలిలో తేలుతూ కనిపించింది. ఆ బలం రాగానే అతడు చేసిన పని దోపిడి. తరవాతి కతల్లోనే మంచివైపు తిరిగి, షాడో స్క్వాడ్ అనే రహస్యదళంలో చేరినాడు.

నేను తమిళంలో చదువుకొంటూ మా అవ్వకు మనింటి తెలుగులో చెప్పేవాణ్ణి. అవ్వకు ఏ అక్షరాలూ రావు. ఒక సాయంకాలం అడిగింది: “ఒళ్ళంతా మాయమైతే ఆ చెయ్యొకటి ఎందుకు మాయం కాలేదురా?”

“అది వాని చెయ్యి కాదు గదవ్వా, ఇనుముది.”

“అదేరా నేను చెప్పేది. తనది కాని బలం దాగదు. వాణ్ణి అదే పట్టిస్తుంది. సరే గానీ, అంత దోచినవానికి కొలువు ఎట్లిచ్చినారు? దోచుకోబడినవాళ్ళు ఏమైపోయిరి?”

అప్పుడు నాకు కోపం వచ్చింది. నా వీరుణ్ణి అంటుందా అని రెండు దినాలు కత చెప్పలేదు. ఇన్నేండ్ల తరవాత మళ్ళా చదివితే ఆ ప్రశ్న దగ్గరే నేనూ ఆగిపోయినాను. బ్లాస్కో బొమ్మల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వెలుగు నీడలతో ఒక గదిని, ఒక వీధిని నిజంగా మన కండ్లముందు నిలబెడతాడు. కనపడని మనిషి నడుస్తున్నాడని ఒక్క చేతిని గీసి నమ్మించడం మాటలు కాదు. క్రాండెల్‌కు హద్దు ఉండడం ఇంకొక మంచి గుణం. కరెంటు తగిలితేనే మాయం, అదీ కొంతసేపే. ఎప్పుడు కనపడిపోతాడో అనే బెదురు ప్రతి పేజీలో ఉంటుంది. అయితే చేసిన పాపాన్ని కత తొందరగా మరిచిపోయింది. బలం చెడ్డచేతినుంచి మంచిచేతికి మారింది, నడుమ మనసు మారిన బాధ మాత్రం కనపడదు.

రెండో పుస్తకం స్పైడర్. అమెరికావాళ్ళ స్పైడర్-మ్యాన్ కాడు, ఇతడు వేరే. 1965లో ఇంగ్లండు ‘లయన్’ పత్రికలో టెడ్ కోవన్ మొదలుపెట్టినాడు, రెజ్ బన్ బొమ్మలు వేసినాడు. కోసు చెవులు, నల్లటి బిగుతు బట్టలు, వలలు విసిరే తుపాకి. స్కాట్లండునుంచి రాయి రాయిగా విప్పి తెచ్చి న్యూయార్కు దగ్గర నిలబెట్టిన కోటలో కాపురం. ఇతని మొదటి కోరిక నేరగాళ్ళందరికీ రాజు కావడం. తరవాత నేరగాళ్ళనే వేటాడుతాడు. అది కూడా పశ్చాత్తాపంతో కాదు, తనకు సాటి ఎవరూ లేరని చూపించుకోవడానికి. పేజీకి రెండుసార్లు తన్ను తానే పొగుడుకొంటాడు. చిన్నప్పుడు ఆ పొగడ్త గొప్పగా ఉండేది. ఇప్పుడు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఈ కతల రుచి ఉందని కూడా తెలిసింది. మాయావి పాపాన్ని దాచిపెడతాడు, స్పైడరు దాచడు. అతడు మారలేదు, మారినట్టు నటించడు కూడా. ఆమాత్రం నిజాయితీ ఈ కతలో ఉంది.

ఈ స్పైడరు కతలను కోవన్ తరవాత చాలాకాలం రాసింది జెర్రీ సీగల్. 1938లో జో షూస్టర్‌తో కలిసి సూపర్‌మ్యాన్‌ను పుట్టించినవాడే. ఆ సూపర్‌మ్యాన్ హక్కులను వాళ్ళిద్దరూ 130 డాలర్లకు అమ్ముకొన్నారు. తరవాత ఆ పేరుతో కంపెనీ ఎంత సంపాదించిందో లోకానికి తెలుసు. సీగల్ అమ్మానాన్నలు లిథువేనియానుంచి అమెరికా వలసపోయిన యూదులు. ఉన్న లోకం నాశనమై, పరాయి లోకంలో పెరిగి, అక్కడి మాటే మాట్లాడే బిడ్డ కతను అటువంటి ఇంటివాడు రాసినాడంటే మనకు ఆశ్చర్యం ఉండకూడదు. ఎక్కడినుంచో కదిలివచ్చి, ఏరు దాటడానికి చెట్టు వంగి దారి ఇచ్చిందని చెప్పుకొనే ఇండ్లు మనవి. ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’లో అటువంటి వలస కతనే తమిళంలో రాసినాడు. మన కతలో బలం ఒక మనిషి చేతిలో లేదు. కష్టంలో ఉన్నవాళ్ళకోసం వంగిన చెట్టులో ఉంది.

మూడోది అమెరికా స్పైడర్-మ్యాన్ మొదటి కత. మాయావి పుట్టిన 1962లోనే, రెండు నెలల ముందు ఆగస్టు సంచికగా వచ్చింది. స్టాన్ లీ, స్టీవ్ డిట్కో చేసిన పదకొండు పేజీల కత. దీన్ని నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లీషులో చదివినాను. సాలెపురుగు కుట్టి బలం వచ్చిన పిల్లవాడు పీటర్ పార్కర్. పరిగెత్తిపోతున్న దొంగను ఆపగలిగీ ‘నాకేమి’ అని వదిలేస్తాడు. ఆ దొంగే అతన్ని పెంచిన చిన్నాయనను చంపుతాడు. మా అవ్వ అడిగిన ప్రశ్నకు ఇక్కడ బదులు దొరికింది. చెయ్యి చేసిన తప్పు మనసును వదలకపోతేనే వాడు వీరుడు. బ్లాస్కో బొమ్మలతో పోలిస్తే డిట్కో బొమ్మలు మోటు. కతగా మాత్రం మూడింటిలో ఇదే గట్టిది.

అవ్వ ఉండి ఉంటే దీన్ని మన కొండ కతతో పోల్చేది. కళుగుమలై పైన పాండ్యుల కాలంలో, ఎనిమిదో శతాబ్దంలో, ఒకే రాతిని పైనుంచి కిందికి తొలిచి మలిచిన వెట్టువాన్ కోయిల ఉంది. సగంలోనే ఆగిపోయింది. తండ్రీకొడుకులైన ఇద్దరు శిల్పులు పోటీపడినారనీ, కొడుకు పనితనం ఓర్వలేక తండ్రే ఉలితో కొట్టి చంపినాడనీ మా ఊళ్ళో చెప్పుకొంటారు. “చేతికి అంత పనితనం ఇచ్చిన దేవుడు మనసుకు కొంచెం ఇచ్చుంటే గుడి పూర్తయ్యేది” అని అవ్వ ముగించేది. నాకు తెలిసినంతలో ఈ వీరుల కతలన్నిటికీ ఇంతకన్నా మంచి కొలత లేదు.

ఇక మనవరాలి సంగతి. మాయావి పుస్తకం తనే చదువుకోగలదు, తమిళంలో మంచి మార్కులు తెచ్చుకొనే పిల్ల. అయినా “తాతా, నువ్వే చెప్పు” అనింది. తెలుగులో చెప్పడం మొదలుపెట్టినాను. నాలుగు పేజీలకే నా బండారం బయటపడింది. నేను తెలుగు అక్షరాలు దిద్దింది నలభై దాటినాక. పత్రికకు రాయడం వచ్చింది, కత చెప్పే నోరు మాత్రం తుప్పుపట్టింది. సగం మాటలు తమిళంలోనే పడుతున్నాయి. నడుమలో పిల్ల ఆపి అడిగింది, ఇనుపచెయ్యి కాందానికి అతుక్కోదా అని. నేనూ ‘కాందం’ అనే బదులు చెప్పబోయినాను. అప్పుడు ఎక్కడినుంచో అవ్వ మాట నోటికి వచ్చింది: సూదంటురాయి. సూదిని అంటుకొనే రాయి కాబట్టి సూదంటురాయి. పిల్లకు అది భలే నచ్చింది. ఇంట్లో కనపడిన ప్రతి ఇనుపసామాను దగ్గరా ఆ మాటే.

కత ముగిసినాక అవ్వ అడిగిన ప్రశ్న కూడా చెప్పినాను, దోచినవానికి కొలువు ఎట్లిచ్చినారని. పిల్ల కొంచెంసేపు ఆలోచించి, తడుముకొంటూ, మొదటిసారి పూర్తిగా తెలుగులో జగడమాడింది: “అవ్వ చెప్పింది తప్పు తాతా. వాడు చెడ్డవాడు కాదు. ఎవరికీ కనపడకుంటే ఎవరైనా అట్లే చేస్తారు. నువ్వు కూడా.”

యాభై ఏండ్లుగా ఈ కతలు చదువుతున్న నాకు ఈ ఆలోచన రాలేదు. ఒప్పుకొంటున్నాను. తెలుగులో ఇటువంటి పుస్తకాలు మనదాకా రాలేదని, వచ్చినా చదవలేమని మనం ఏండ్లుగా బాధపడుతున్నాము. ఆ బాధ న్యాయమైనదే. కానీ పుస్తకం ఏ భాషలో ఉన్నా చెప్పే నోరు మనది. చదువరులారా, మీ ఇంటి అటకమీద మాయావి ఉంటే దించండి. ఇంట్లోని పిల్లలకు మన మాటల్లో చెప్పండి. తరవాత వాళ్ళు ఏమి జగడమాడినారో ఈ పత్రికకు రాయండి.