పంచరత్నమాల: నాటి వినికి, నేటి వినికి

నేను సంగీతశాస్త్రము చదివినవాడను గాను. ఎస్సెస్సెల్సీతో చదువు చాలించి, జీవితమంతయు దస్త్రములు వ్రాసిన గుమాస్తాను. అయినను తరతరములుగా మైసూరున స్థిరపడిన మాబోటి తెలుగువారికి పాటయే పాఠశాల గనుక, ఒక రికార్డుల సంపుటిని గూర్చి నాలుగు మాటలు విన్నవించుకొందును.

అది శ్రీమతి ఎం. ఎస్. సుబ్బులక్ష్మి గారి "బాలాజీ పంచరత్నమాల". తిరుమల తిరుపతి దేవస్థానముల ప్రోత్సాహమున 1980 ప్రాంతమున ఐదు లాంగుప్లే రికార్డులుగా వెలువడినది. అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు అందు ముఖ్యములు. మా యింట గ్రామఫోను లేదు. ఎరిగినవారి యింట విని, పిమ్మట క్యాసెట్టు కొంటిని. నా జీతమునకు నెలకొక క్యాసెట్టు కొనుటయే గగనము. కావున ఉన్నదానినే నెలల తరబడి వినవలసివచ్చెడిది. నచ్చని పాటను దాటింపబోయినచో టేపు చిక్కుపడునను భయమొకటి. అట్లు తప్పనిసరియై విన్న పాటలే కాలక్రమమున ప్రాణప్రదములైనవి.

ఈ సంపుటి గుణములలో మొదటిది ఉచ్చారణ. గాయని మధురలో పుట్టిన తమిళురాలు. అయినను ప్రతి యక్షరమును తూచి పలికినారు. ఇంట తెలుగు, వీధిని కన్నడము మాటలాడు మా పిల్లల నోట జారిపోయిన ఒత్తులు ఆమె నోట భద్రముగా నిలిచియున్నవి.

లోపమును చెప్పకుండుట విమర్శ గాదు. సంపుటి యందంతట ఒకే ప్రశాంతగతి. అన్నమయ్య కేవలము ధ్యానమగ్నుడు గాడు. జాజరలు పాడెను, లాలి పాడెను, దంపుళ్లపాటల ఫణితిని గూడ అనుసరించెను. ఆ పల్లెచురుకు ఇందు వెనుకబడినది. 2025లో కీర్తిశేషులైన శ్రీ గరిమెళ్ల బాలకృష్ణప్రసాదు గారి పాట విన్నపుడు గాని ఈ లోటు నాకు తెలియలేదు.

ఉద్యోగవిరమణానంతరము మా అబ్బాయి సెల్‌ఫోను చేతికిచ్చెను. ఒకే కీర్తన పదిమంది గొంతులలో దొరకుచుండెను. మొదట విసుగు కలిగినది. పల్లవి ముగియకమునుపే మరియొక పాటకు పరుగెత్తుచుంటిని. ఇది వినుట గాదు, రుచిచూచి పారవేయుట యని నిందించితిని.

కాని ఆ ఫోనే నా అజ్ఞానమును బయటపెట్టినది. "నానాటి బదుకు" కీర్తన రేవతిరాగపు బాణీ సాక్షాత్తు అన్నమయ్యదేయని మిత్రునితో పంతమాడినవాడను. పలువురి పాటలు పోల్చి, విషయము విచారింపగా తెలిసినదేమన, రాగిరేకులపై రాగనామములే గాని స్వరములు లేవు. ఆ బాణీ శ్రీ నేదునూరి కృష్ణమూర్తి గారిది. మనము వినునట్టి బాణీలలో పెక్కులు ఇరువదవ శతాబ్దపు విద్వాంసుల కృషిఫలములే. అట్టి కృషికి మార్గదర్శకులలో శ్రీ రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు (1893–1979) అగ్రగణ్యులు. ఆయన మా ఊరి మహారాజా కళాశాలలోనే చిరకాలము తెలుగు బోధించినారు. ఇన్నేండ్లు ఆ కళాశాల ముందునుండియే ఆఫీసునకు నడచిపోవుచు ఈ సంగతి ఎరుగకపోతిని.

కావున నాటి వినికియే మేలని వాదింపజాలను. లేమి నాకు ఒక పాటతో కాపురము చేయుట నేర్పినది. ఆ పాట ఎవరి చేతులమీదుగా నా చెవికి చేరినదో కలిమి తెలిపినది. మొదటిది లేనిదే రెండవదానివలన నాకు ప్రయోజనముండెడిది కాదు. కంఠస్థమైన బాణీ యొకటి లోపల నుండబట్టియే తక్కినవానిని పోల్చగలిగితిని.

మా మనుమరాలికి తెలుగు లిపి రాదు. పాటను కన్నడాక్షరములలో వ్రాసుకొనును. ఒకనాడు, "తాతా, బదుకు అంటే మన కన్నడ మాటే కదా, ఇది కన్నడ పాటా?" యని యడిగెను. రెండు భాషలకును చెందినదమ్మా యంటిని. ఆమె ఆనాడు ఆ పాటను కడదాక వినెను. తక్కిన మాటల అర్థము లడిగెను. కొన్నింటికి నేనే తడబడితిని.

సంఘసభ్యులకు నా మనవి యొక్కటే. పిల్లల ఫోనులను లాగికొనవలదు. నెలకొక్క సంపుటిని వారితో కూర్చుండి, అర్థము చెప్పుచు, మొదటినుండి చివరిదాక వినుడు. లిపి మరచిన యింట కూడ భాష ఆ చెవిదారిన మరికొంతకాలము నిలుచును.